చదువు బాకీ

మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం, సరిగ్గా కునుకు పట్టే వేళకి ఫోను మోగింది. ఎత్తితే తీయటి గొంతు. "మేడమ్, మీ పాప ఇంజనీరింగ్ అడ్మిషన్ గురించండీ. ఈ వారంలో సీటు బుక్ చేసుకుంటే హాస్టలు ఫీజులో రాయితీ ఇస్తున్నామండీ" అంది. నాకు డెబ్భై మూడేళ్ళు. నా పాపకి నలభై ఎనిమిది. ఆవిడకి హాస్టలెందుకమ్మా అనబోయి, మా మనవరాలి సంగతని గ్రహించి ఊరుకున్నాను. దానికి ఇంటర్లో ఎన్ని మార్కులొచ్చాయో మా ఎదురింటివాళ్ళకే తెలీదు. ఎక్కడో కూచున్న ఈ పిల్లకి మాత్రం మార్కులూ తెలుసు, ర్యాంకూ తెలుసు.

సాయంత్రానికి అలాంటివి మరో నాలుగొచ్చాయి. వారం తిరిగేసరికి మా డైనింగ్ టేబులు మీద బ్రోచర్లు పేరుకుపోయాయి. దసరా ముందు బట్టల షాపు వాళ్ళు పంపే కాగితాల్లా నిగనిగలాడుతున్నాయి. ఒకదాని అట్ట మీద ఈతకొలను. ఒకదాని మీద గుర్రపు స్వారీ. ఇంకోదాని మీద విదేశీ పిల్లలతో కలిసి నవ్వుతున్న మన పిల్లలు. కళ్ళజోడు పెట్టుకుని ఎంత వెతికినా, పాఠం చెప్తున్న మేష్టారి బొమ్మ ఒక్కదాంట్లోనూ దొరకలేదు.

మా అబ్బాయి కాగితం మీద లెక్క వేశాడు. ఫీజు, హాస్టలు, లాప్‌టాపు, రాకపోకలు అన్నీ కలిపి నాలుగేళ్ళకి ఇరవై రెండు లక్షలు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "చూద్దాంలే అమ్మా" అన్నాడు. వాడు నన్నేమీ అడగలేదు. కానీ మా కోడలు లోపలికి వెళ్తూ ఒక్క క్షణం బీరువా వైపు చూసింది. ఆ బీరువాలో మా అత్తగారి కాసులపేరు ఉంది. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు. బంగారం ధర రోజూ పేపర్లో వేస్తుంటే తెలియకేం!

మనవరాలు మాత్రం తేలిగ్గానే ఉంది. నా పక్కన చేరి, "బామ్మా, ఇందులో ఒక మంచి ఉంది తెలుసా? గవర్నమెంటు డబ్బుతో చదివితే వాళ్ళ డబ్బు తిన్నావు, వీళ్ళ డబ్బు తిన్నావు అంటారు. మనం మన డబ్బు కట్టి చదువుకుంటే ఎవరికీ బాకీ ఉండక్కర్లేదు" అంది.

ఎంత తెలివిగా మాట్లాడింది అనుకున్నాను ముందు. రాత్రి పడుకున్నాక ఆ మాటే నిద్ర పట్టనివ్వలేదు. నిజంగా డబ్బు కట్టి చదువుకుంటే ఎవరికీ బాకీ ఉండదా? సరే, దాని సంగతి తర్వాత. నా చదువు బాకీ మాటేమిటి?

నేను 1973లో వాల్తేరులో ఎమ్మే ఎకనమిక్స్‌లో చేరాను. కట్టిన ఫీజు ఎంతో గుర్తు లేదు గానీ, మెస్సు బిల్లు కంటే తక్కువని మాత్రం గుర్తు. మెస్సు బిల్లు ఎక్కువైందని మా నాన్న బెంగపెట్టుకున్నారు గానీ ఫీజు గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. పెద్ద పెద్ద క్లాసు గదులు, ఎదురుగా సముద్రం, వేలకొద్దీ పుస్తకాలున్న లైబ్రరీ, విదేశాల్లో చదివొచ్చిన ప్రొఫెసర్లు. ఇంత సౌకర్యం ఆ కాస్త ఫీజుతో ఎలా నడుస్తుందని నేను ఎప్పుడూ అడగలేదు. గాలి ఎవరిస్తున్నారని అడుగుతామా? అదీ అంతే అనుకున్నాను.

అడిగి ఉంటే తెలిసేది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టినప్పుడు దానికి సొంత ఇల్లు కూడా లేదు. మొదట బెజవాడలో ఉండి 1930లో వాల్తేరు చేరింది. కట్టమంచి రామలింగారెడ్డిగారు దాన్ని నిలబెట్టడానికి రాజుల్నీ జమీందార్లనీ అడిగారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్షంటే మాటలు కాదు. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. హైదరాబాదులో 1918లో మొదలైన ఉస్మానియాకి నిజాం పేరుంది. తిరుపతిలో 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పెడితే, దానికి భూమి ఇచ్చింది దేవస్థానం. కాబట్టి ఆ పేరు కూడా న్యాయంగా దాత పేరే.

ఇవన్నీ చదువుతూంటే నాకు ఒక చిలిపి ఆలోచన వచ్చింది. రాజుగారికి లక్ష ఎక్కడిది? నిజాం ఖజానా ఎక్కణ్ణించి నిండింది? రైతు కట్టిన శిస్తులోంచి. వెంకన్న హుండీలో ఎవరు వేశారు? ముడుపు కట్టుకుని నడిచొచ్చిన ముసలమ్మలు కూడా వేశారు. శిలాఫలకం మీద ఒక్క పేరే పడుతుంది. ఆ పేరు వెనకాల నిలబడ్డ మనుషుల్ని లెక్కపెట్టాలంటే రాయి చాలదు.

దాతల పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. మన పిల్లలు కలలు కనే యేల్ యూనివర్సిటీ అమెరికాలో ఉందని మనకి తెలుసు. ఆ పేరుకీ మన మద్రాసుకీ చుట్టరికం ఉందని ఎంతమందికి తెలుసు? ఎలిహూ యేల్ అనే దొర 1687 నుంచి 1692 దాకా మద్రాసు కోటకి గవర్నరు. కంపెనీ జీతం ఎంతో గానీ, సొంత వ్యాపారం చేసుకుని విపరీతంగా గడించాడు. ఆ గడింపు మీద అభియోగాలొచ్చి ఉద్యోగం పోయింది. ఆయన పాలనలో ఆ రేవు నుంచి మనుషుల్ని కూడా బానిసలుగా అమ్మి పంపించారు. ఇంగ్లండు తిరిగి వెళ్ళాక, 1718లో అమెరికాలో ఒక చిన్న కాలేజీకి తొమ్మిది బేళ్ళ సరుకూ, నాలుగు వందల చిల్లర పుస్తకాలూ, రాజుగారి బొమ్మ ఒకటీ పంపించాడు. సరుకు అమ్మితే ఐదు వందల పైచిలుకు పౌన్లు వచ్చాయి. కాలేజీ వాళ్ళు సంతోషపడిపోయి ఆయన పేరు పెట్టేసుకున్నారు. మూడు వందల ఏళ్ళు పోయాక, 2024లో, బానిసత్వంతో తమకున్న సంబంధానికి ఆ విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పుకుంది. పేరు మాత్రం అలాగే ఉంది. చూశారా, చదువుకి వచ్చిన డబ్బు మంచిదైనా చెడ్డదైనా, దాని బాకీ తరాల తర్వాత కూడా తలుపు తడుతూనే ఉంటుంది.

ఈ పెద్ద పెద్ద దాతల్ని తలుచుకుంటూంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

అప్పుడు మేం కాకినాడలో ఉండేవాళ్ళం. నాకు ఎనిమిదేళ్ళుంటాయి. పిఠాపురం రాజావారి కాలేజీలో చదువుకునే ఒక కుర్రాడు ప్రతి మంగళవారం మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. వారాలు చేసుకుని చదువుకోవడం అంటే మీలో పెద్దవాళ్ళకి తెలుసు. పిన్నలకి మాత్రం చెప్పాలి. చదువుకోవాలని ఉండి తినడానికి లేని పిల్లలు ఏడు ఇళ్ళు మాట్లాడుకునేవారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఒకరింట్లో. మాది మంగళవారం. అతని పేరు మాకెవరికీ పట్టలేదు. మంగళవారం అబ్బాయి అనేవాళ్ళం.

మా నాన్న చిన్న గుమాస్తా. ఇంట్లో అయిదుగురు పిల్లలం. మంగళవారం వచ్చిందంటే మాకు పెరుగు ఉండేది కాదు, మజ్జిగే. గడ్డపెరుగు అతని విస్తట్లోకి వెళ్ళేది. "అతనికి రోజంతా ఇదొక్కటే భోజనమే" అనేది అమ్మ. నాకు ఒళ్ళు మండేది. తలుపు చాటు నుంచి అతను తింటుంటే చూస్తూ, నా పెరుగు ఎన్ని ముద్దల్లో అయిపోతుందో లెక్కపెట్టేదాన్ని. మూడేళ్ళు వచ్చాడు. బియ్యెస్సీ పాసై, ఒకరోజు అమ్మకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

నేను కాలేజీలో చేరాక ఒకసారి అమ్మని అడిగాను. "మంగళవారం అబ్బాయి ఎక్కడున్నాడో ఏమో! ఒక కార్డు ముక్కైనా రాయలేదు, చూశావా?" అన్నాను కోపంగా. అమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ, "రాస్తే మాత్రం? చదవడానికి నాకు చదువొచ్చా?" అంది.

అవును. మా అమ్మకి సంతకం పెట్టడం రాదు. వేలిముద్ర. ఆవిడ ఒక బియ్యెస్సీ చదువుకి ఏడోవంతు భోజనం పెట్టింది. కాకినాడ, రాజమండ్రి, విజయనగరం లాంటి ఊళ్ళలో అలాంటి అమ్మలు ఎందరో! విశ్వవిద్యాలయాల నిధుల గురించి ఎవరు పుస్తకం రాసినా సర్కారు గ్రాంటు, విరాళాలు, ఫీజులు అని మూడు పద్దులు రాస్తారు. నాలుగో పద్దు వంటింటిది. దాన్ని ఎవరూ రాయరు.

ఐదో పద్దు కూడా ఒకటుంది. అది చెప్పడానికి కొంచెం సిగ్గు. పిల్లవాడి మెడిసినుకి, ఎమ్మెస్సుకి మామగారు డబ్బు పెట్టడం. "చదువు చెప్పిస్తాం, పిల్లని చేసుకోండి" అనే బేరం మన ఇళ్ళలో వినని వాళ్ళున్నారా? 1961లో వరకట్నం నిషేధిస్తూ చట్టం వచ్చింది. అది వచ్చాక కూడా ఎన్ని డిగ్రీలు పెళ్ళికూతురి తండ్రి పొలం మీద మొలవలేదు! డిగ్రీ అతని పేరు పక్కన ఉంటుంది. పొలం రిజిస్ట్రారు ఆఫీసులో ఇంకొకరి పేరు మీద ఉంటుంది. ఆ అమ్మాయి ఇంటర్‌తో ఆగిపోయి వంట చేస్తూ ఉంటుంది. మా పిన్ని ఒకావిడ అలాగే ఉండిపోయింది. ఆయన డాక్టరుగారు. ఆవిడ డాక్టరుగారి భార్య.

సరే, ఇక నా దగ్గరికొస్తాను. నా ఎమ్మే చదువుకి ఎవరు పెట్టారు? మా నాన్న మెస్సు బిల్లు పెట్టారు. మిగతాది ప్రభుత్వం. ప్రభుత్వం అంటే? మాకు పరీక్షలో ప్రశ్న వచ్చేది, ప్రత్యక్ష పన్నులకీ పరోక్ష పన్నులకీ తేడా వ్రాయుడు అని. నేను చక్కగా రాశాను. అగ్గిపెట్టె మీదా, కిరసనాయిలు మీదా, పంచదార మీదా, బట్ట మీదా వేసే పన్ను బీదవాడి మీద ఎక్కువ భారం అని రాశాను. మార్కులు కూడా వచ్చాయి. కానీ ఆ పన్నుతోనే నేను ఆ గదిలో కూచుని ఆ పరీక్ష రాస్తున్నానని నాకు తట్టలేదు. మా హాస్టలు గదులు ఊడ్చే మనిషి అగ్గిపెట్టె కొన్నప్పుడల్లా నా చదువుకి చందా ఇచ్చింది. ఆవిడ కూతురు ఆ గేటు లోపలికి చదువుకోవడానికి ఎప్పుడూ రాలేదు.

అందుకని, "మా రోజుల్లో చదువు ఉచితం, ఎంత ధర్మంగా ఉండేది!" అని నేను గొప్పలు పోతే అబద్ధం అవుతుంది. అది ఉచితం కాదు. ఇంకొకరు కట్టారు, అంతే. కట్టినవాళ్ళలో నాకంటే లేనివాళ్ళే ఎక్కువ. 1966లో కొఠారీ కమిషన్ జాతీయాదాయంలో నూటికి ఆరు రూపాయలు చదువుకి ఖర్చు పెట్టమంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం మళ్ళీ అదే ఆరు అంది. యాభై నాలుగేళ్ళు గడిచినా ఆ ఆరు చేతికి అందలేదు. అందిన కాస్తలో ముందు వరసలో కూచుని తిన్నది నాలాంటి మధ్యతరగతి వాళ్ళమే.

ఈ అన్యాయం సరిదిద్దాలని కోర్టులు కూడా తంటాలు పడ్డాయి. కాపిటేషన్ ఫీజు వద్దని మన రాష్ట్రంలో 1983లోనే చట్టం చేశారు. పదేళ్ళకి, 1993లో, ఉన్నికృష్ణన్‌కీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఒక ఏర్పాటు చెప్పింది. ప్రైవేటు ఇంజనీరింగు, మెడికల్ కాలేజీల్లో సగం సీట్లు ఫ్రీ, సగం పేమెంటు. ఉన్నవాడు తన ఫీజుతో లేనివాడిని చదివిస్తాడన్న మాట. విన్నప్పుడు ఎంత బాగుందనుకున్నాను! ఆచరణలో ఏమైందో 2002లో వచ్చిన టి.ఎం.ఎ. పాయ్ తీర్పు చెప్పింది. పట్నంలో కోచింగు తీసుకున్న ఉన్నవాళ్ళ పిల్లలకి మంచి మార్కులొచ్చి ఫ్రీ సీట్లు దక్కాయి. పల్లెటూరి పిల్లలు అప్పు చేసి పేమెంటు సీట్లలో చేరాల్సి వచ్చింది. అంటే పాత కథే. ముందు వరసలో మళ్ళీ మనమే.

2008 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. అంతకు ముందు ప్రభుత్వం డబ్బు విశ్వవిద్యాలయానికి ఇచ్చేది. ఇది పిల్లల వెంట నడిచే డబ్బు. రెంటికీ తేడా మన ఆడవాళ్ళకి ఒక్క మాటలో చెప్పచ్చు. ఇంట్లో పొయ్యి వెలిగించి అందరికీ వండి పెట్టడం ఒక పద్ధతి. తలా ఒక హోటలు టిక్కెట్టు చేతిలో పెట్టి, నచ్చిన చోట తినండి అనడం ఇంకో పద్ధతి. టిక్కెట్ల వల్ల మేలు జరగలేదనను. కూలి చేసుకునే వాళ్ళ ఇళ్ళలోంచి ఇంజనీర్లు వచ్చారు, మా వీధిలోనే ఇద్దరున్నారు. కానీ టిక్కెట్లు పంచితే వీధి వీధికీ హోటళ్ళు లేస్తాయి. బోర్డులు పెద్దవవుతాయి. ఇంటి పొయ్యి సంగతి ఎవరికీ పట్టదు. ఇంటి పొయ్యి అంటే మన పాత విశ్వవిద్యాలయాలే. మేష్టర్ల ఉద్యోగాలు ఏళ్ళ తరబడి ఖాళీ. ఖర్చులు గడవక అవి కూడా సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులని ఒక మూల హోటలు తెరిచాయి.

ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2016లో, తెలంగాణలో 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టాలు వచ్చాయి. ఇప్పుడు మా టేబులు మీదున్న బ్రోచర్లు ఆ చెట్టు ఆకులే.

పోటీ అంటే నేను ముక్కు విరిస్తే మా కోడలు ఒప్పుకోదు. "అత్తయ్యగారూ, మీరు ఎన్నైనా చెప్పండి. నా చెల్లెలు సర్కారు కాలేజీలో సర్టిఫికెట్ కోసం పదకొండు సార్లు తిరిగింది. వీళ్ళు ఫోను చేసి మరీ 'ఏం కావాలండీ' అంటున్నారు. ఆడపిల్లకి రాత్రి పూట హాస్టలు గేటు దగ్గర మనిషి ఉంటాడా, బాత్రూములో నీళ్ళొస్తాయా అని నేను అడిగితే జవాబు చెప్పారు. పోటీ లేకపోతే చెప్తారా?" అంది. నా నోట మాట లేదు. మాకు వాల్తేరు హాస్టల్లో నీళ్ళెప్పుడొస్తాయో ఆ భగవంతుడికే తెలియాలి.

నిజమే, పోటీ వల్ల మర్యాద పెరుగుతుంది. కానీ పోటీ అన్నది కంటికి కనిపించే వాటిలోనే జరుగుతుంది. ఇది పెళ్ళిచూపుల లాంటి వ్యవహారం. ఆ పూట అందరూ మంచి చీర కట్టుకునే ఉంటారు. స్వీటూ హాటూ బాగానే ఉంటాయి. కాపురం ఎలా ఉంటుందో ఆ ప్లేటులో కనపడదు. చదువు కూడా అంతే. ఈతకొలను ఫోటోలో పడుతుంది. అర్థం కాలేదని మళ్ళీ వచ్చిన పిల్లకి విసుక్కోకుండా మూడోసారి చెప్పే మేష్టారు ఫోటోలో పడరు. 2016 నుంచి కేంద్రం కూడా ఏటా ర్యాంకులు ఇస్తోంది. అది కొంత నయమే. అయినా కొన్న చీర రంగు వెలిస్తే ఆర్నెల్లలో తెలుస్తుంది. చదువు వెలిసిందో లేదో తెలిసేసరికి పిల్లకి ముప్ఫై ఏళ్ళొస్తాయి. అప్పుడు ఎవరికి తిరిగిస్తాం?

ఇది మన దగ్గరే ఉన్న తంటా కాదు. ఇంగ్లండులో 1998 దాకా వాళ్ళ పిల్లలకి ఫీజే లేదు. ఆ ఏడు వెయ్యి పౌన్లు పెట్టారు. 2006లో మూడు వేలు, 2012లో తొమ్మిది వేల దాకా వెళ్ళింది. అదీ చాలక, ఎక్కువ ఫీజు కట్టే విదేశీ పిల్లల మీద ఆధారపడుతున్నారు. అమెరికాలో 2023-24లో మన దేశపు పిల్లలు 3,31,602 మంది చదివారు. ఏ దేశం పిల్లలూ అంతమంది లేరు. అంటే మన ఊళ్ళో తాకట్టు పెట్టిన ఇల్లు అక్కడి ప్రొఫెసరు జీతంలో కలుస్తోందన్న మాట. జర్మనీ వాళ్ళు ఇంకో దారి పట్టారు. కొన్ని రాష్ట్రాల్లో ఫీజు పెట్టి చూసి, బాగాలేదని 2014 నాటికి తమ పిల్లలకి అంతటా తీసేశారు. పెద్దయ్యాక పన్ను కట్టండి, అదే మీ ఫీజు అన్నారు. ఎవరి దారి వారిది. కానీ ఎక్కడా చదువు ఖర్చు లేకుండా జరగడం లేదు. ఎవరు కట్టాలన్నదే తేడా.

ఇక్కడికి వచ్చేసరికి మా మనవరాలి మాటకి నాకు జవాబు కొంచెం కొంచెంగా దొరికింది. డబ్బు కడితే బాకీ పోదు. బాకీ చిరునామా మారుతుంది, అంతే.

ప్రభుత్వం చదివిస్తే నా బాకీ ఆ గదులు ఊడ్చిన మనిషికి. నాన్న పొలం అమ్మి చదివిస్తే బాకీ నాన్నకి. మామగారు చదివిస్తే భార్యకి. దాన్ని తీర్చినవాళ్ళు బహు తక్కువ! బ్యాంకు చదివిస్తే బాకీ బ్యాంకుకి. ఎవరికి బాకీ పడతామో వాళ్ళ మొహం చూసే బతుకుతాం. కోటి రూపాయలు పోసి డాక్టరైన కుర్రాడి దగ్గరికి కడుపునొప్పని మనం వెళ్తే, అతనికి మన కడుపు కంటే ముందు తన కోటి కనిపిస్తే, తప్పు అతని ఒక్కడిదేనా? అతని బాకీ చిరునామాలో మన పేరు లేదు మరి. విశ్వవిద్యాలయం కూడా అంతే. దాతకి బాకీ పడితే దాత మాట, ఫీజు కట్టేవాడికి బాకీ పడితే వాడి మాట, సర్కారుకి బాకీ పడితే సర్కారు మాట వింటుంది. అందుకే విశ్వవిద్యాలయానికి డబ్బు ఒకే చేతి నుంచి రావడం మంచిది కాదని నా ఉద్దేశం. నాలుగు చేతులూ ఇస్తే ఏ ఒక్క చెయ్యీ దాని గొంతు పట్టుకోలేదు.

ఇంకొక సంగతి. ఇరవై రెండు లక్షలు కట్టేది సీటుకి, గదికి, భోజనానికి, జీతాలకి. చదువుకి కాదు. సున్నా కనిపెట్టినవాడికి ఎవరు కట్టారు? న్యూటనుకి మనమేం కట్టాం? ఆ లెక్కలు దీనికి మొదట నేర్పిన మునిసిపల్ స్కూలు టీచరమ్మకి మేం కట్టింది ఎంత? ఫీజు ఎంత పెంచినా అసలు సరుకు ఖరీదు అందులో లేదు. అది ఎప్పుడూ దానమే.

ఇదంతా చెప్దామని మర్నాడు మనవరాలిని కూచోబెట్టుకున్నాను. మంగళవారం అబ్బాయి కథ చెప్పాను. పూర్తిగా విని, "తర్వాత ఎప్పుడూ రాలేదా?" అంది. రాలేదన్నాను. "మరి మీ అమ్మకి ఏం వచ్చింది?" అంది. ఏం చెప్పను? ఏమీ రాలేదు. ఒక విస్తరి ఎక్కువ తియ్యాల్సొచ్చింది. "మరి ఆయన మీద నీకింకా కోపమేనా?" అంది మళ్ళీ.

అప్పుడు నాకు గుండెలో కలుక్కుమంది. ఎందుకంటే నేను వాల్తేరు నుంచి 1975లో వచ్చేశాను. ఆ తర్వాత యాభై ఏళ్ళలో ఆ విశ్వవిద్యాలయానికి నేనొక్క కార్డు ముక్క రాయలేదు. ఒక్క రూపాయి పంపలేదు. ఊడ్చిన ఆ మనిషి పేరు అడగలేదు. తిన్నాను, చదువుకున్నాను, వెళ్ళాను. అతనైతే అమ్మకి దణ్ణమైనా పెట్టి వెళ్ళాడు. నేను అదీ చెయ్యలేదు.

కాసులపేరు అమ్మేశాం. మా అత్తగారు పైనుంచి ఏమనుకుంటున్నారో గానీ, ఆవిడకి చదువంటే ఇష్టమే. తనకి దొరక్కపోయినా. దాంతో రెండేళ్ళ చిల్లర గడుస్తుంది. మిగతాది బ్యాంకు అప్పు, మనవరాలి పేరు మీదే. మా అబ్బాయి వద్దన్నాడు గానీ నేనే పట్టుబట్టాను. దాని సంతకం దాన్నే పెట్టనివ్వమన్నాను. ఈతకొలనున్న చోటు కాదు, ఇంకొకటి. మా కోడలూ అదీ వెళ్ళి, ముందు సంవత్సరం పిల్లలతో క్యాంటీన్లో గంటసేపు కూచుని కనుక్కుని వచ్చారు. బ్రోచర్లన్నీ చదివినా తెలియని సంగతులు ఆ గంటలో తెలిశాయిట.

కాసులపేరులోంచి రెండు కాసులు మాత్రం నేను ముందే తీసి పక్కన పెట్టాను. ఆ డబ్బు వాల్తేరు పంపించాను, ఎవరో ఒక పిల్లకి ఈ ఏడు మెస్సు బిల్లు కింద జమ చెయ్యమని. దాత పేరు రాయమంటే మా అమ్మ పేరు రాశాను. రాస్తుంటే చెయ్యి వణికింది. ఆ పేరు ఆవిడ తన చేత్తో ఒక్కసారైనా రాసుకోలేదు.

మనవరాలు రశీదు చూసి, "అయితే నీ బాకీ తీరిందా బామ్మా?" అంది.

"ఎక్కడే? వడ్డీలో ఒక మంగళవారం తీరిందంతే" అన్నాను.